విమ్‌లో ఆపివేసినా పోని గుర్తులు: దీర్ఘకాలం వాడిన తరువాత ఒక సమీక్ష

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ గురించి రాసేవారు సాధారణంగా దాని వేగాన్ని, మౌస్ అవసరం లేకుండా సాగే పనితీరును, నేర్చుకోవడంలోని కష్టాన్ని ప్రస్తావిస్తారు. తెలుగు పాఠాల ప్రూఫులు దిద్దడానికీ, పైథాన్ స్క్రిప్టులు రాయడానికీ, సర్వర్ల మీది కాన్ఫిగరేషన్ ఫైళ్లను సవరించడానికీ ఏళ్ల తరబడి దీనినే వాడుతున్న నాకు, వాటికన్నా ముఖ్యంగా చెప్పవలసినదని తోచిన విషయం మరొకటి ఉంది. తెరమీద కనిపించే ఒక సదుపాయాన్ని ఆపివేసిన తరువాత కూడా అది కొన్నిచోట్ల అలాగే ఉండిపోవడం, లేదా కాసేపటికి తిరిగి రావడం విమ్ వాడేవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు. ట్యాబులను, వరుస చివరి ఖాళీలను గుర్తులతో చూపే లిస్ట్, కర్సర్ ఉన్న వరుసను ప్రత్యేకంగా చూపే కర్సర్‌లైన్, వరుస పొడవుకు హద్దు గీసే కలర్‌కాలమ్, వెతికిన మాటకు రంగు పూసే హెచ్‌ఎల్‌సెర్చ్ అన్నీ ఇలాగే ప్రవర్తిస్తాయి. దీనిని చాలామంది విమ్‌లోని లోపంగా భావించి, ఎడిటర్‌ను మూసి మళ్లీ తెరిచి ఊరుకుంటారు. నా అనుభవంలో ఇందులో నిజమైన లోపాలు చాలా తక్కువ. ప్రతి గుర్తుకూ ఒక యజమాని ఉంటాడు. మనం ఆపివేసినది ఒకరి ఆధీనంలోని దానిని, తెరమీద ఇంకా కనబడుతున్నది మరొకరి ఆధీనంలోనిది. ఆ యజమాని ఎవరో విమ్‌నే అడిగి తెలుసుకోగల వీలు ఉండడం వల్లనే నేను దీనిని ఇంతకాలం వదలలేదు.

లిస్ట్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ చిక్కు దాని విషయంలోనే అత్యంత స్పష్టంగా కనబడుతుంది. కోలన్ నొక్కి సెట్ లిస్ట్ అని ఇస్తే గుర్తులు వస్తాయి, సెట్ నోలిస్ట్ అని ఇస్తే పోతాయి. అయితే ఇది విండోకు, అంటే తెరమీద ఒక ఫైలును చూపే భాగానికి, చెందిన ఆప్షన్ (మార్చుకోగల సెట్టింగు). తెరను రెండుగా చీల్చి పని చేస్తున్నప్పుడు ఒక విండోలో సెట్ నోలిస్ట్ ఇస్తే పక్క విండోలో గుర్తులు కదలవు. ఇంతవరకు చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది ఏమిటంటే, ఇలాంటి ఆప్షన్లకు ఇప్పుడు చూపుతున్న ఫైలుకు వర్తించే స్థానిక విలువతోపాటు, తరువాత తెరిచే ఫైళ్లకు వర్తించే ఒక సార్వత్రిక విలువ కూడా ఉంటుంది గాని, ఆ సార్వత్రిక విలువకు సైతం ప్రతి విండో దగ్గరా విడి ప్రతి ఉంటుంది. అందువల్ల ఎడమ విండోలో గుర్తులను ఆపివేసి, కుడి విండోలోకి వెళ్లి ఇంతకుముందు ఎన్నడూ తెరవని ఫైలును తెరిచినా, అక్కడ గుర్తులతోనే తెరుచుకుంటుంది. సార్వత్రికం అన్న పేరు చూసి ఒకచోట మారిస్తే అంతటా మారుతుందని ఆశించడం సహజం, కాని విమ్ అలా పని చేయదు. తెరిచి ఉన్న అన్ని విండోలలోనూ ఆపివేయాలంటే విన్‌డూ సెట్ నోలిస్ట్ అనీ, ట్యాబు పేజీలు కూడా ఉంటే ట్యాబ్‌డూ విన్‌డూ సెట్ నోలిస్ట్ అనీ ఇవ్వాలి.

అలా ఇచ్చిన తరువాత కూడా గుర్తులు కనిపిస్తే, కారణం బహుశా బఫర్ జ్ఞాపకం; విమ్ తెరిచిన ప్రతి ఫైలుకు మెమరీలో ఉంచుకునే ప్రతిని బఫర్ అంటారు. ఒక ఫైలును తెరిచి, చూసి, దానిని పక్కన పెట్టి వేరే ఫైలులోకి వెళ్లినప్పుడు, మొదటి ఫైలు చూపబడిన విండోలో అప్పుడు అమలులో ఉన్న ఆప్షన్ల విలువలను విమ్ ఆ బఫర్‌తోపాటు దాచిపెడుతుంది. తిరిగి ఆ ఫైలుకు వచ్చినప్పుడు, ఇదే విండోలో ఇంతకుముందు దానిని చూసి ఉంటే అప్పటి విలువలను, లేకపోతే దానిని చివరిగా చూపి మూసివేసిన విండో విలువలను తెచ్చి పెడుతుంది. ఉదయం గుర్తులతో చూసిన ఫైలు సాయంత్రం గుర్తులతోనే తిరిగి రావడానికి, ఈ మధ్యలో మీరు సెట్ నోలిస్ట్ ఇచ్చి ఉన్నా సరే, ఇదే కారణం. దీనిని నేను లోపంగా పరిగణించను. పట్టికలతో నిండిన ఒక ఫైలులో గుర్తులు అవసరమై, కథనం ఉన్న మరొక ఫైలులో అవి అడ్డమైనప్పుడు, ఫైలు మారిన ప్రతిసారీ ఆప్షన్‌ను మార్చుకోవలసిన శ్రమ ఈ జ్ఞాపకం వల్లనే తప్పుతుంది. అన్నిచోట్లా ఒకేసారి తుడిచివేయదలచుకున్నప్పుడు బఫ్‌డూ సెట్‌లోకల్ నోలిస్ట్ అన్నది సరిపోతుంది, అయితే సేవ్ చేయని మార్పులు ఉన్న బఫర్ల దగ్గర అది ఆగిపోకుండా ఉండడానికి హిడెన్ ఆప్షన్ పెట్టి ఉండాలి.

దీనికి ఎదురుగా మరొక సందర్భం ఉంది. సెట్‌లోకల్ నోలిస్ట్ ఇచ్చి ఆపివేసినవారు అదే విండోలో మరొక కొత్త ఫైలు తెరిస్తే గుర్తులు మళ్లీ వస్తాయి, ఎందుకంటే వారు మార్చినది స్థానిక విలువను మాత్రమే. రెండు విలువలనూ మార్చే సెట్, స్థానిక విలువను మార్చే సెట్‌లోకల్, సార్వత్రిక విలువను మార్చే సెట్‌గ్లోబల్ అనే మూడు కమాండ్ల మధ్య తేడాను వేళ్లకు అలవాటు చేసుకోవడం విమ్ నేర్చుకునేవారు తొలి వారాలలోనే చేయదగిన పని అని నా అభిప్రాయం. వేగంగా కదిలే కీలను నేర్పే పాఠాలు దీనిని దాదాపుగా పట్టించుకోవు.

ఇప్పుడు ఈ సమీక్షలో నేను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకోదలచిన సాధనం దగ్గరకు వస్తాను. వెర్బోస్ సెట్‌లోకల్ లిస్ట్ అని రాసి చివర ప్రశ్నార్థకం పెట్టి ఎంటర్ నొక్కితే, ఆ ఆప్షన్ ప్రస్తుత విలువతోపాటు దానిని చివరిసారిగా ఏ ఫైలు నిర్ణయించిందో విమ్ చెబుతుంది. ఇటీవలి వెర్షన్లలో ఆ ఫైలులో ఎన్నో వరుసలో ఉందో కూడా చెబుతుంది. మీ సెట్టింగులు రాసుకునే విమ్‌ఆర్‌సీ ఫైలు కావచ్చు, ఒక ప్లగిన్ కావచ్చు, ఫైలు రకాన్ని బట్టి నడిచే ఎఫ్‌టీప్లగిన్ కావచ్చు, ఆ ఫైలులోనే మొదటి లేదా చివరి వరుసల్లో ఎవరో రాసిపెట్టిన సెట్టింగు వరుస (మోడ్‌లైన్) కావచ్చు, పేరు తెరమీదికి వస్తుంది. విలువను చేత్తో కమాండ్ ఇచ్చి మార్చి ఉంటే, లేదా అది డిఫాల్టుగానే ఉండి ఉంటే, మూలం చూపే వరుస రాదు. రాకపోవడం కూడా ఒక సమాచారమే. నేను వాడి చూసిన ఇతర ఎడిటర్లలో చాలావాటిలో ఒక సెట్టింగు ఏ విలువతో ఉందో తెలుసుకోవడం తేలికే గాని, ఆ విలువను ఎవరు పెట్టారో ఎడిటర్ నోటనే వినడం ఇంత సులభం కాదు. ఆపివేసినది మళ్లీ వచ్చిందన్న ఫిర్యాదుతో ఎవరు నా దగ్గరకు వచ్చినా, నేను మొదట ఇవ్వమని చెప్పే కమాండ్ ఇదే.

వెర్బోస్ సమాధానంలో మీరు ఎన్నడూ తెరవని ఒక ఫైలు పేరు కనిపించవచ్చు: హోమ్ డైరెక్టరీలోని డాట్ విమ్ ఫోల్డరులో, వ్యూ అనే ఉపఫోల్డరులో, మీ ఫైలు దారిలోని ప్రతి స్లాష్ స్థానంలో సమాన చిహ్నం, కూడిక చిహ్నం జంటగా చేరిన వింత పేరు. అలా కనిపించిందంటే ఈ చిక్కుల్లోకెల్లా మొండిదానిని మీరు పట్టుకున్నట్లే. ఫైలును మూసినప్పుడు మడతలను (మడిచి ఉంచిన వరుసల గుంపులను), కర్సర్ స్థానాన్ని దాచుకుని, మళ్లీ తెరిచినప్పుడు తిరిగి పొందడానికి మేక్‌వ్యూ, లోడ్‌వ్యూ అనే రెండు కమాండ్లు ఉన్నాయి. ఫైలు విండో నుండి తొలగినప్పుడు మొదటిది, విండోలోకి వచ్చినప్పుడు రెండవది తమంతట తాము నడిచేలా ఆటోకమాండ్లు రాసుకునే పద్ధతి విమ్ సహాయ పత్రాలలోనే ఉదాహరణగా ఉంది, కనుక అది లెక్కలేనన్ని విమ్‌ఆర్‌సీలలోకి చేరింది. అయితే వ్యూలో ఏమేమి దాచాలో నిర్ణయించే వ్యూఆప్షన్స్ డిఫాల్టు విలువలో మడతలు, కర్సర్, ప్రస్తుత డైరెక్టరీలతోపాటు ఆప్షన్స్ కూడా ఉంది. అంటే గుర్తులు పెట్టి ఉన్న సమయంలో ఒక ఫైలును మూసివేస్తే, ఆ సంగతి డిస్కు మీదికి ఎక్కుతుంది. ఆ తరువాత మీరు విమ్‌ఆర్‌సీలో సెట్ నోలిస్ట్ రాసినా, విమ్‌ను మూసి తెరిచినా, కంప్యూటర్‌నే ఆపి మళ్లీ మొదలుపెట్టినా, ఆ ఫైలు తెరిచిన మరుక్షణం పాత వ్యూ వచ్చి గుర్తులను తిరిగి పెడుతుంది. ఒక్కొక్క ఫైలుకు ఒక్కొక్క వ్యూ కాబట్టి కొన్ని ఫైళ్లలో గుర్తులు ఉండి, కొన్నిటిలో లేకపోవడం చూసేవారిని మరింత అయోమయానికి గురి చేస్తుంది.

విమ్ ప్రదర్శన సదుపాయాలలో నేను నిస్సంకోచంగా తప్పు నిర్ణయమని చెప్పగలిగేది ఇది ఒక్కటే. మడతలు ఎక్కడ ఉన్నాయో గుర్తుంచుకోమని అడిగిన మనిషి ఆప్షన్లను కూడా శాశ్వతం చేయమని అడగలేదు. విమ్ నుండి 2014లో విడివడి మొదలైన నియోవిమ్ తన డిఫాల్టు విలువలోంచి ఆప్షన్స్‌ను తొలగించింది. సెషన్లను, అంటే తెరిచి ఉన్న ఫైళ్ల, విండోల అమరికను, దాచే సెషన్‌ఆప్షన్స్ విషయంలోనూ అదే చేసింది. విమ్‌లో ఉన్నవారు విమ్‌ఆర్‌సీలో సెట్ వ్యూఆప్షన్స్ అని రాసి, తీసివేత, సమాన చిహ్నాల తరువాత ఆప్షన్స్ అని చేర్చాలి. అది ఇకమీదట దాచబోయే వ్యూలను మాత్రమే బాగు చేస్తుంది కనుక, ఇప్పటికే ఉన్న వ్యూ ఫోల్డరును కూడా ఖాళీ చేయాలి. రెండవ పని చేయకుండా మొదటిది మాత్రమే చేస్తే పాత ఫైళ్లలో ఏ మార్పూ కనబడదు.

ఎఫ్‌టీప్లగిన్ల గురించి ఒక్క మాట. ఫైలు రకం మారినప్పుడు పాత రకం పెట్టిన ఆప్షన్లను వెనక్కి తీయడానికి అన్‌డూ ఎఫ్‌టీప్లగిన్ అనే బఫర్ చరరాశి ఉంది. విమ్‌తో వచ్చే ఎఫ్‌టీప్లగిన్లు దీనిని నింపుతాయి, కాని మనం సొంతంగా రాసుకునే వాటిలో, చిన్న ప్లగిన్లలో ఇది తరచుగా ఉండదు. అప్పుడు రకం మారినా గుర్తులు మారవు.

ఎర్రగా మెరిసే వరుస చివరి ఖాళీలది వేరే సంగతి. చూడడానికి ఇవి లిస్ట్ గుర్తులకు దగ్గరగా ఉన్నా, చాలాసార్లు వీటికి లిస్ట్‌తో ఏ సంబంధమూ ఉండదు. హైలైట్ కమాండ్‌తో ఒక రంగు సమూహాన్ని నిర్వచించి, మ్యాచ్ కమాండ్‌తో వరుస చివరి ఖాళీలకు దానిని అంటించే పద్ధతి విస్తారంగా వాడుకలో ఉంది. దీనిని ఆపడానికి మ్యాచ్ నన్ అని ఇవ్వాలి. మ్యాచ్‌యాడ్ అనే ఫంక్షన్‌తో పెట్టినవైతే క్లియర్‌మ్యాచెస్‌ను పిలవాలి. ఇవి కూడా విండోకు చెందినవే కాబట్టి విన్‌డూ ఇక్కడా అవసరమవుతుంది. ప్రస్తుత విండోలో ఏ మ్యాచ్‌లు అమలులో ఉన్నాయో గెట్‌మ్యాచెస్ జాబితాగా ఇస్తుంది.

అదే ఎరుపు, పైథాన్ కోడ్‌కు రంగులు వేసే నియమాలు ఉన్న సింటాక్స్ ఫైలు నుండి కూడా రావచ్చు. పైథాన్ స్పేస్ ఎర్రర్ హైలైట్ అనే చరరాశిని నిర్వచిస్తే అది ఖాళీలను తప్పులుగా చూపుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. ఈ చరరాశి ఉందా లేదా అన్నదే సింటాక్స్ ఫైలు చూస్తుంది గాని, దాని విలువ ఎంత అన్నది చూడదు. కనుక విలువను 1 నుండి 0కు మార్చినవారు సదుపాయాన్ని ఆపినట్లు భావిస్తారు, ఎరుపు మాత్రం ఉండిపోతుంది. అన్‌లెట్‌తో చరరాశినే తొలగించి, ఆపైన ఫైలును మళ్లీ తెరవాలి, ఎందుకంటే సింటాక్స్ నియమాలు ఫైలు తెరిచినప్పుడే చదవబడతాయి. సహాయ పత్రంలో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉందన్నది నిజమే. అయినా 0 అంటే వద్దు అని అర్థం చేసుకునే సాధారణ వినియోగదారుడి అలవాటును గౌరవించే విధంగా దీనిని సవరించి ఉంటే బాగుండేదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

తెలుగు పాఠాలతో పని చేసేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ఒక సందర్భం ఉంది, దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలుస్తాను. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ వంటి మాటలలో పొల్లు తరువాతి అక్షరం దానికి ఒత్తుగా మారకుండా ఆపడానికి మనం జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనబడని అక్షరాన్ని వాడుతాము. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. బ్రౌజర్లలో, వర్డ్ ప్రాసెసర్లలో అది తన పని చేసి మౌనంగా ఉంటుంది. విమ్ మాత్రం దానిని ముద్రించలేని అక్షరాల జాబితాలో ఉంచి, కోణపు బ్రాకెట్ల మధ్య 200సి అన్న సంఖ్యగా చూపుతుంది. ఒక వార్తా వ్యాసాన్ని తెరిస్తే పేరా నిండా ఇవే కనిపిస్తాయి. విమ్ ముద్రించలేని అక్షరాలకూ, లిస్ట్ చూపే ట్యాబు, ఖాళీ గుర్తులకూ స్పెషల్‌కీ అనే ఒకే రంగు సమూహాన్ని వాడుతుంది. అందువల్ల సెట్ నోలిస్ట్ ఇచ్చిన తెలుగు వినియోగదారుడికి ట్యాబు గుర్తులు పోయి, అదే రంగులో ఉన్న ఈ సంఖ్యలు మిగిలి కనిపిస్తాయి. సదుపాయం సగమే ఆగిందన్న అభిప్రాయం కలుగుతుంది.

ఇవి మిగిలిపోయిన గుర్తులు కావు. కర్సర్‌ను దాని మీద ఉంచి జీ, 8 వరుసగా నొక్కితే ఆ అక్షరం బైట్లు కనిపిస్తాయి. ఈ2, 80, 8సి అని వస్తే అది ఫైలులోనే ఉన్న నాన్‌జాయినర్ అని నిర్ధారించుకోవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. తెర శుభ్రంగా కనబడాలని వీటిని వెతికి తొలగించే కమాండ్ ఇస్తే ఫైలు చెడిపోతుంది: పొల్లుల తరువాతి అక్షరాలు ఒత్తులుగా మారి, ‘సాఫ్ట్‌వేర్’లోని వకారం టకారం కిందికి చేరుతుంది, వందల మాటల వర్ణక్రమం ఒక్క దెబ్బతో మారిపోతుంది. కనబడకుండా చేయాలంటే కన్సీల్ సదుపాయమే సరైన దారి. 2010లో వచ్చిన 7.3 వెర్షన్ నుండి ఇది విమ్‌లో ఉంది. సింటాక్స్ మ్యాచ్‌లో ఆ అక్షరానికి కన్సీల్ గుణాన్ని ఇచ్చి, కన్సీల్‌లెవెల్‌ను 2గా పెడితే సంఖ్యలు మాయమవుతాయి, అక్షరాలు ఫైలులో భద్రంగా ఉంటాయి. కర్సర్ ఉన్న వరుసలో మాత్రం అవి బయటపడతాయి; కన్సీల్‌కర్సర్‌ను మార్చి దానినీ ఆపవచ్చు గాని, ప్రూఫు దిద్దేవారికి ఆ ఒక్క వరుసలోనైనా నాన్‌జాయినర్ ఎక్కడ ఉందో కనబడడం మేలు చేస్తుంది. అవసరమైనచోట లేకపోవడం, ఒకేచోట రెండు మూడు పేరుకుపోవడం వంటి తప్పులను నేను అలాగే పట్టుకుంటున్నాను. బ్రౌజర్లలో, వర్డ్ ప్రాసెసర్లలో ఈ తప్పులు మామూలుగా కంటికే కనబడవు.

వెతుకులాట రంగుల సంగతి చాలామందికి పరిచయమైనదే కనుక క్లుప్తంగా చెబుతాను. సెట్ నోహెచ్‌ఎల్‌సెర్చ్ అన్నది సదుపాయాన్ని పూర్తిగా ఆపుతుంది. నోహెచ్‌ఎల్‌సెర్చ్ అన్న కమాండ్ ప్రస్తుతానికి రంగును దించుతుంది, తరువాతి వెతుకులాటతో రంగు తిరిగి వస్తుంది. ఈ రెండవ కమాండ్‌ను ఆటోకమాండ్‌లోనో, సొంత ఫంక్షన్‌లోనో పెట్టి పని చేయడం లేదని విసుగు చెందేవారు ఉన్నారు. అవి ముగిసిన వెంటనే విమ్ రంగుల స్థితిని మునుపటిలాగే పునరుద్ధరిస్తుంది కనుక అక్కడ దాని ప్రభావం నిలవదు. ఎడిటర్‌ను మూసి తెరిచినా పాత మాట మెరుస్తూ ఉంటే పాత వెతుకులాటల వంటివాటిని ఫైలులో దాచే విమ్‌ఇన్ఫో ఆప్షన్ చూడండి: డిఫాల్టు విలువలో ఉండే హెచ్ అక్షరం ఆ మెరుపును ఆపడానికే ఉంది, సొంతంగా ఆ ఆప్షన్ రాసుకున్నవారు తరచుగా దానిని చేర్చరు.

కొన్నిసార్లు విమ్ చేతిలో ఏమీ ఉండదు. ఆప్షన్ ఆగిపోయిందని వెర్బోస్ చెబుతున్నా తెరమీద రంగు మరకలు మిగిలితే కంట్రోల్ ఎల్ నొక్కాలి, తెర మొత్తం కొత్తగా గీయబడుతుంది. ఒకే టెర్మినల్‌లో అనేక తెరలు నడిపే టీమక్స్ వంటి వాటి లోపల విమ్ నడిపేటప్పుడు, వరుసలో రాత ఆగిన చోటు నుండి కుడివైపు అంతా వేరే రంగు పరుచుకుని ఉంటే, అది టెర్మినల్ తుడిచే పద్ధతికీ విమ్ ఊహించిన పద్ధతికీ మధ్య తేడా. టీ అండర్‌స్కోర్ యూటీ అనే టెర్మినల్ ఆప్షన్‌ను ఖాళీగా పెడితే అది సర్దుకుంటుంది.

విమ్‌ఆర్‌సీలోని ఒక వరుసను తొలగించి, సోర్స్ కమాండ్‌తో దానిని తిరిగి చదివించడం వల్ల ఆ వరుస చేసిన పని రద్దు కాదని కూడా గమనించాలి. నడుస్తున్న విమ్‌కు ఆ వరుస ఒకప్పుడు ఇచ్చిన విలువ అలాగే ఉంటుంది. ఆప్షన్ పేరు చివర ఆంపర్‌సాండ్ చేర్చి సెట్ ఇస్తే డిఫాల్టు విలువ తిరిగి వస్తుంది, చిన్నది అన్న గుర్తు చేర్చి సెట్‌లోకల్ ఇస్తే సార్వత్రిక విలువ స్థానిక విలువగా మారుతుంది. ఇవేవీ తేల్చలేనప్పుడు రెండు హైఫన్లతో క్లీన్ అని చేర్చి విమ్‌ను తెరిస్తే సొంత విమ్‌ఆర్‌సీ, ప్లగిన్లు, విమ్‌ఇన్ఫో లేకుండా తెరుచుకుంటుంది. అక్కడ గుర్తులు లేకపోతే కారణం మన సెట్టింగులలోనే ఉంది. ఏయే స్క్రిప్టులు చదవబడ్డాయో మామూలు విమ్‌లో స్క్రిప్ట్‌నేమ్స్ కమాండ్ వరుసగా చూపుతుంది.

పైన చెప్పిన నియమాలలో దాదాపు ప్రతిదీ విమ్ సహాయ పత్రాలలో ఉంది. విండో జ్ఞాపకం గురించి లోకల్ ఆప్షన్స్ అనే శీర్షిక కింద వివరంగా ఉంది. 1991లో అమీగా కంప్యూటర్ల కోసం విమ్‌ను తొలిసారి విడుదల చేసిన బ్రామ్ మూలెనార్ ఈ పత్రాల మీద పెట్టిన శ్రద్ధ సామాన్యమైనది కాదు. ఆయన 2023 ఆగస్టులో మరణించారు. ఆయనకు అంకితంగా 2024 జనవరిలో 9.1 వెర్షన్ వెలువడింది, నిర్వహణ ఇతరుల చేతుల్లో కొనసాగుతోంది. అప్పటి నుండి వాడుతున్నప్పుడు కూడా నాకు ప్రదర్శన ఆప్షన్లలో నమ్మకం తగ్గే మార్పు ఏదీ ఎదురుకాలేదు.

ఒక సదుపాయాన్ని ఒక బటన్‌తో ఆపి, దాని గురించి మళ్లీ ఆలోచించకూడదని కోరుకునేవారికి విమ్‌ను నేను సిఫారసు చేయను. విండోకు, బఫర్‌కు, సింటాక్స్‌కు మధ్య తేడా తెలుసుకోవలసిన భారం ఇక్కడ వినియోగదారుడి మీదే ఉంటుంది. ఒకే సమయంలో వేర్వేరు రకాల ఫైళ్లను పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్క దానిని ఒక్కొక్క విధంగా చూడవలసిన అవసరం ఉన్నవారికి, ముఖ్యంగా నాన్‌జాయినర్ల వరకు సరిచూడవలసిన తెలుగు ప్రూఫ్‌రీడర్లకు, దీనికి సాటి వచ్చేదానిని నేను ఇంకా చూడలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు విమ్‌ఆర్‌సీలో వ్యూఆప్షన్స్ నుండి ఆప్షన్స్‌ను తొలగించే వరుసను మొదటిరోజే రాసుకుని, గుర్తులు మొండికేసినప్పుడు వెర్బోస్‌తో అడగడంతో మొదలుపెడితే, మిగిలిన కారణాలలో చాలావరకు కొద్ది నిమిషాలలోనే బయటపడతాయి.